సంస్థ పేరుతో ఎవరో డొమైన్ కొని డబ్బు అడుగుతున్నారు, ఏం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: మీ సేవాసంస్థ పన్నెండేళ్లుగా డాట్ ఆర్గ్ చిరునామాతో నడుస్తోంది. అదే పేరుకు డాట్ కామ్ తగిలించి ఎవరో కొన్నారు. తెరిస్తే ప్రకటనల పేజీ తప్ప ఏమీ లేదు. పోయిన వారం ‘ఈ డొమైన్ మీకు కావాలంటే 4,000 డాలర్లు’ అని వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కమిటీలో కొందరు ఇచ్చేసి వదిలించుకుందామంటున్నారు, కొందరు కోర్టుకెక్కుదామంటున్నారు. పేరుకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ లేదు.

ఆ మెయిల్‌కు ఇప్పుడే జవాబు రాయకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

సంస్థల డొమైన్లు చూసుకునే పనిలో నేను పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. లాయర్ని కాదు. లాయర్ల పక్కన కూర్చుని ఆధారాల ఫైలు తయారుచేసే పని నాది. ఈ పేరు కబ్జా కేసుల్లో న్యాయం మన వైపు ఉంటే చాలదు, దాన్ని చూపించే రికార్డు మన చేతిలో ఉండాలి. పొలం గట్టు తగాదాలో దస్తావేజు ఎలాగో, ఇక్కడ తేదీ ఉన్న స్క్రీన్‌షాట్ అలాగ. కోపంలోనో కంగారులోనో రాసిన ఒక్క మెయిల్ ఆ రికార్డును పాడుచేస్తుంది. ‘మా దగ్గర అంత లేదు, వెయ్యి ఇస్తాం’ అని మీరు రాస్తే, రేపు ఆ కాగితాన్నే చూపించి ‘బేరానికి వచ్చింది వాళ్లే’ అంటారు. పైగా మీకు ఆ పేరు ఎంత అవసరమో మీ నోటితోనే చెప్పినట్టవుతుంది. అవతలివాళ్లు అప్రమత్తమై ప్రకటనల పేజీ తీసేసి, ఏదో సొంత బ్లాగు పెట్టినట్టు సర్దేస్తారు. అప్పుడు పాత పేజీ ఇలా ఉండేదని చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మీకు వాళ్లే ముందుగా ధర చెప్పి మెయిల్ పంపారు. మీ కేసులో అన్నిటికంటే గట్టి ఆధారం అదే. ఆ మెయిల్‌ను ఫార్వర్డ్ చేయడం కాదు, హెడర్లతో (ఎక్కడి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలతో) సహా అసలు ఫైలుగా దించి పెట్టుకోండి. తర్వాత డాట్ కామ్ పేజీని తెరిచి, చిరునామా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. అందులోని ప్రకటన లింకులు ఒక్కొక్కటీ ఎక్కడికి పోతున్నాయో కూడా తీయండి. మీలాంటి సేవలే చేసే వేరే సంస్థల ప్రకటనలు గానీ, విరాళాల లింకులు గానీ ఉంటే అది మీకు చాలా విలువైనది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా కొట్టి పాత కాపీలు ఏమున్నాయో చూడండి. ఇప్పటి పేజీని అక్కడ ‘సేవ్’ కూడా చేయొచ్చు. మీరు తీసిన స్క్రీన్‌షాట్ మీద ఎవరైనా అనుమానపడొచ్చు గానీ, మూడో చోట భద్రమైన కాపీని అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ఆ తర్వాత డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడండి. ఇదివరకు దీన్ని హూఈజ్ అనే డొమైన్ వివరాల సేవలో చూసేవాళ్లం. 2025 జనవరి నుంచి డాట్ కామ్ లాంటి సాధారణ ఎక్స్‌టెన్షన్లకు దాని స్థానంలో ఆర్‌డాప్ అనే పద్ధతి అధికారికంగా వచ్చింది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ సైట్‌లోనే లుకప్ పేజీ ఉంది. 2018లో యూరప్ గోప్యతా చట్టం వచ్చాక యజమాని పేరు, ఫోను నంబరు చాలావరకు కనిపించవు, దానికి కంగారు పడొద్దు. యజమాని పేరు తెలియకపోయినా ఫిర్యాదు వేయొచ్చు, వేశాక రిజిస్ట్రార్, అంటే ఆ డొమైన్ అమ్మి నమోదు చేసిన కంపెనీ, ఆ వివరాలు ఇస్తుంది. మీకిప్పుడు కావాల్సింది రిజిస్ట్రార్ పేరు, సృష్టించిన తేదీ. మీ సంస్థ పెట్టకముందే ఎవరో ఆ పేరు కొనుక్కుని ఉంటే, మీ మీద దురుద్దేశంతో కొన్నారని చెప్పడం దాదాపు అసాధ్యం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. డొమైన్ చేతులు మారి ఉంటే, ఇప్పటి యజమాని దాన్ని సంపాదించిన రోజే లెక్కలోకి వస్తుంది, మొదట పుట్టిన తేదీ కాదు. పాత తేదీ చూసి ఆశ వదిలేసుకున్నవాళ్లు నాకు తెలుసు. పేజీ రూపం, నేమ్ సర్వర్లు (డొమైన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే సర్వర్లు) ఎప్పుడు మారాయో చూసి ఉంటే వాళ్ల కేసు నిలబడేది.

ఇక మార్గం సంగతి. కోర్టుకంటే ముందు చూడాల్సింది యూడీఆర్‌పీ. డొమైన్ పేర్ల వివాదాల కోసం ఐకాన్ 1999లో తెచ్చిన విధానం ఇది. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ నెట్ ఎవరు కొన్నా, ఏ దేశంలో కొన్నా, కొనేటప్పుడు ఒప్పుకునే షరతుల్లోనే ఇది ఉంటుంది. కాబట్టి అవతలి మనిషి ఎక్కడున్నాడో తెలియకపోయినా ఫర్వాలేదు. ఫిర్యాదులు తీసుకునే సంస్థలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా వెళ్లేది జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు, అంటే వైపోకు. అక్కడ ఈమధ్య ఏడాదికి 6 వేలకు పైగా కేసులు వస్తున్నాయి. దేశాల కోడ్‌తో ముగిసే చిరునామాల్లో కొన్నిటికి ఇదే విధానం వర్తిస్తుంది, కొన్నిటికి సొంత విధానాలున్నాయి.

ఫిర్యాదులో మూడు విషయాలు రుజువు చేయాలి. మూడూ కావాలి, రెండు చాలవు. డొమైన్ పేరు మీ ట్రేడ్‌మార్క్‌తో ఒకటిగా ఉందని లేదా గందరగోళపడేంత దగ్గరగా ఉందని మొదటిది. ఆ పేరు మీద అవతలివాళ్లకు హక్కుగానీ న్యాయమైన ఆసక్తిగానీ లేదని రెండోది. దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి, దురుద్దేశంతోనే వాడుతున్నారని మూడోది.

మొదటిదాని దగ్గరే మీలాంటి సంస్థలు జంకుతాయి, మాకు ట్రేడ్‌మార్కే లేదు కదా అని. రిజిస్ట్రేషన్ ఉంటే ఒక్క సర్టిఫికెట్‌తో పని అయిపోతుంది, నిజమే. కానీ రిజిస్టర్ కాని పేరుకూ హక్కు ఉంటుంది. ఆ పేరు వింటే జనానికి మీరే గుర్తొస్తారని చూపించగలగాలి, అంతే. ‘మేము చాలా ప్రసిద్ధులం’ అని రాస్తే తీర్పు చెప్పే నిపుణుల ప్యానెల్ పట్టించుకోదు. ఏటేటా వేసిన వార్షిక నివేదికలు, పత్రికల్లో మీ గురించి వచ్చిన వార్తలు, పేరు ముద్రించిన కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ప్రభుత్వ శాఖలు మీకు రాసిన ఉత్తరాలు, మీ డాట్ ఆర్గ్ సైటు తొలినాళ్ల వేబ్యాక్ కాపీలు, ఏడాదికి ఎంతమంది సైటు చూశారన్న లెక్క, ఇవన్నీ తేదీల వారీగా పెట్టాలి. అవతలివాళ్లు డొమైన్ కొన్న రోజు కంటే ముందువి ఎక్కువగా ఉండాలి. ఆ తర్వాత మీరు ఎంత పేరు తెచ్చుకున్నా, వాళ్లకు ఆ రోజు మీ సంగతి తెలుసని చెప్పడానికి అది పనికిరాదు. మీకు పన్నెండేళ్ల చరిత్ర ఉంది. స్టోర్ రూమ్‌లో అట్టపెట్టెల్లో పడి ఉన్న పాత కరపత్రాలు ఇప్పుడు దుమ్ము దులిపి బయటికి తీయండి.

రెండోదాని దగ్గర మీరు నిజాయతీగా ఆలోచించాలి. మీ పేరు ఎలాంటిది? వెలుగు, ఆశ, దీపం లాంటి మామూలు మాటే అయితే, అదే పేరుతో ఇంకోచోట ఇంకెవరో మంచిగా పని చేసుకుంటూ ఉండొచ్చు. వాళ్లు మీ కంటే ముందు డొమైన్ కొనుక్కున్నంత మాత్రాన దొంగలు కారు. పేరులో మీ స్థాపకుల ఇంటిపేరో, రెండు మూడు మాటల కలయికో ఉంటే మీ వాదన బలంగా ఉంటుంది. విమర్శ కోసం పెట్టిన సైట్ల విషయమూ ఇక్కడే వస్తుంది. సంస్థను విమర్శించే హక్కు జనానికి ఉంది. అయితే చిరునామానే చూసి ఇది అసలు సంస్థదే అనుకునేలా ఉండకూడదు. జంతు హక్కుల సంస్థ పేటా పేరుతో ఒకాయన డాట్ ఆర్గ్ డొమైన్ కొని, ‘రుచికరమైన జంతువులను తినేవాళ్లు’ అన్న అర్థం వచ్చే పేరడీ పేజీ పెట్టాడు. 2001లో అమెరికా అప్పీలు కోర్టు పేటా పక్షానే తీర్పు ఇచ్చింది. లోపలికెళ్లి చదివితే తప్ప అది పేరడీ అని తెలియదు, చిరునామాలో ఆ సూచనే లేదని కారణం చెప్పింది. హక్కు లేకపోయినా బెదిరించి లాక్కుందామని ఫిర్యాదు వేస్తే, ‘ఇది రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్’ అని ప్యానెల్ తీర్పులోనే రాయొచ్చు. ఆ తీర్పులు ఎవరైనా చదవొచ్చు. సేవాసంస్థకు అలాంటి మచ్చ మంచిది కాదు.

మూడోదానికి మీ మెయిల్ ఉంది. యూడీఆర్‌పీ కింద వచ్చిన మొట్టమొదటి కేసు గుర్తు చేస్తాను. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుతో డొమైన్ కొన్న వ్యక్తి, కొన్న మూడు రోజులకే దాన్ని 1,000 డాలర్లకు ఆ సంస్థకే అమ్ముతానన్నాడు. సైటు కూడా పెట్టలేదు. పెట్టిన ఖర్చు కంటే ఎక్కువకు, పేరు సొంతదారుకే అమ్మజూపడమే దురుద్దేశపు వాడకం అని 2000 జనవరిలో ప్యానెల్ తేల్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా టెలికాం కంపెనీ టెల్‌స్ట్రా కేసులో ఇంకో మాట చెప్పారు: ఏమీ చేయకుండా ఊరికే పట్టుకుని కూర్చున్నా, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి అదీ దురుద్దేశమే కావచ్చు. మీ కేసులో కొనడానికైన ఖర్చు కొన్ని డాలర్లు, అడిగింది 4,000. మీ సంస్థకే నేరుగా మెయిల్ పంపారు కాబట్టి, మీరెవరో తెలియదని చెప్పుకోవడం వాళ్లకు కష్టం.

ఖర్చు, సమయం సంగతి. వైపోలో ఒక ప్యానెలిస్ట్ అయితే, 5 డొమైన్ల వరకు 1,500 డాలర్లు. ముగ్గురు కావాలంటే 4,000. లాయర్ ఫీజు వేరు. ఫిర్యాదు వెళ్లగానే ఆ డొమైన్‌ను రిజిస్ట్రార్ లాక్ చేస్తాడు, ఇంకొకరికి అమ్మేయడం కుదరదు. ఎదుటి పక్షానికి జవాబివ్వడానికి 20 రోజులు. చాలామంది ఇవ్వరు. ఇవ్వకపోతే మనం గెలిచినట్టే అనుకోకండి, మన రుజువులు మనం చూపించాల్సిందే. ప్యానెల్ వేశాక 14 రోజుల్లో నిర్ణయం ఇవ్వాలి. గెలిస్తే 10 పనిదినాలు ఆగి అమలు చేస్తారు, ఆ లోగా ఎదుటివాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు. మొత్తం మీద రెండు నెలల పని. నష్టపరిహారం రాదు, డొమైన్ బదిలీ లేదా రద్దు మాత్రమే. తప్పకుండా బదిలీనే అడగండి. రద్దు చేయిస్తే ఆ పేరు మళ్లీ బజారులో పడుతుంది, కాచుకుని ఉన్న ఇంకొకరు ఎత్తుకుపోతారు.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా అభిప్రాయం: 4,000 ఇవ్వకండి, యూడీఆర్‌పీకి వెళ్లండి. డబ్బిచ్చి తీసుకోవడం ఎప్పుడూ తప్పే అని నేననను. పేరు మామూలు మాట అయి, అవతలివాళ్లు మీకంటే ముందు కొని, కేసు బలహీనంగా ఉంటే మర్యాదగా బేరమాడి, ఎస్క్రో (డొమైన్ చేతికొచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచే పద్ధతి) ద్వారా కొనుక్కోవడమే తెలివైన పని. కానీ ఇలా వెంటపడి అడిగేవాళ్లకు ఒకసారి ఇస్తే, వారం తిరక్కుండా డాట్ నెట్‌తోనో, మధ్యలో అడ్డగీత పెట్టిన పేరుతోనో ఇంకో మెయిల్ వస్తుంది. కోర్టు మాట కూడా కొట్టిపారేయను. అమెరికా చట్టంలో ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా పరిహారం వేసే వీలుంది. అయితే ఒక్క ప్రకటనల పేజీ కోసం ఏళ్ల తరబడి తిరిగే ఓపిక, డబ్బు మీ సంస్థకు ఉన్నాయా అన్నది ఆలోచించుకోండి.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెప్తాను, నాకు అసలు భయం దాని గురించే. ఆ డాట్ కామ్‌కు మెయిల్ సర్వర్ పెట్టారేమో చూడండి. ఎమ్ఎక్స్ రికార్డు అంటారు, ఏ డీఎన్ఎస్ లుకప్ సైటులోనైనా కనిపిస్తుంది. అది ఉంటే, ఆర్గ్ బదులు కామ్ అని పొరపాటున టైపు చేసిన మీ దాతల మెయిళ్లన్నీ వాళ్ల పెట్టెలో పడుతూ ఉండొచ్చన్నమాట. మీ పేరుతో మెయిళ్లు పంపడమూ తేలికే. ఒక విద్యాసంస్థలో నేను కళ్లారా చూశాను. వాళ్ల పేరులో ఎమ్ అక్షరం ఉంది. దాని బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టిన డొమైన్ ఎవరో కొన్నారు. ఫోను తెరమీద చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిసి అచ్చంగా ఎమ్ లాగే ఉన్నాయి. ‘బ్యాంకు ఖాతా మారింది, ఈ టర్మ్ ఫీజు కొత్త ఖాతాలో వేయండి’ అని తల్లిదండ్రులకు మెయిల్ వెళ్లింది. లోగో, సంతకం, కింద చిరునామా అన్నీ అసలైనవే. అకౌంట్స్‌లో పనిచేసే ఆవిడ ఆ మెయిల్‌ను మూడుసార్లు చదివి, ‘ఇది నేను పంపలేదు సార్, కానీ మన ఐడీనే కదా’ అన్నారు. అక్షరాలను పెద్దవి చేసి చూపిస్తే గానీ ఆవిడకు తేడా తెలియలేదు. కొన్ని డొమైన్లలో ఇంగ్లిష్ అక్షరం బదులు అచ్చం అలాగే ఉండే రష్యన్ అక్షరం పెడతారు, అది ఎంత పెద్దది చేసినా కంటికి తెలియదు.

అలాంటి మోసం జరుగుతుంటే యూడీఆర్‌పీ కోసం రెండు నెలలు కూర్చోకూడదు. రిజిస్ట్రార్‌కు, హోస్టింగ్ కంపెనీకి ఆధారాలతో ‘అబ్యూజ్’ ఫిర్యాదు అదే రోజు పంపాలి. ఫిషింగ్, మాల్‌వేర్ లాంటివాటి మీద తగిన రుజువు ఇస్తే రిజిస్ట్రార్ చర్య తీసుకోవాల్సిందేనని 2024 ఏప్రిల్ నుంచి ఐకాన్ ఒప్పందంలోనే ఉంది. ఆ మాట మీ ఫిర్యాదులో రాయండి. సైబర్ పోలీసులకు చెప్పండి, గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌కు రిపోర్ట్ చేయండి. మీ దాతలకు మీ అసలు చిరునామా నుంచి ఒక హెచ్చరిక పంపండి.

ఇంకో మాట, కాస్త కఠినంగా ఉంటుంది. మీ డాట్ ఆర్గ్ ఎవరి పేరు మీద ఉంది? ఈరోజే చూడండి. నేను పనిచేసిన ఒక సంస్థలో, మొదట్లో సైటు చేసిపెట్టిన వాలంటీర్ తన సొంత మెయిల్‌తో డొమైన్ కొన్నాడు. మంచివాడే. తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఆ మెయిల్ వాడటం మానేశాడు. రెన్యువల్ నోటీసులన్నీ అందులోకే పోయాయి. ఒకరోజు పొద్దున సైటు తెరిస్తే జూదం ప్రకటనలు. గడువు తీరాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలుగా రెన్యువల్ చేసుకునే వీలుంటుంది, ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆపై 5 రోజులకు పేరు జారిపోతుంది. మేము చూసేసరికి అన్నీ దాటిపోయాయి. బోర్డుల మీద, పుస్తకాల మీద, రసీదుల మీద ఉన్న చిరునామా అది. పాత సైటు వేబ్యాక్ కాపీలు పదేళ్లవి ఉండబట్టి ఫిర్యాదులో గెలిచాం. ఆ నెలల్లో ట్రస్టీలు పడిన టెన్షన్ నేను మర్చిపోలేను.

కాబట్టి రిజిస్ట్రేషన్ సంస్థ పేరు మీద, సంస్థ మెయిల్ మీద ఉండాలి. ఆ మెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు, డొమైన్ పోతే నోటీసూ రాదు. ఇద్దరికి లాగిన్ తెలియాలి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టాలి, ట్రాన్స్‌ఫర్ లాక్ వేయాలి. ఒకేసారి పదేళ్లకు కట్టేయొచ్చు, కట్టేయండి.

మీ పేరును ప్రతి ఎక్స్‌టెన్షన్‌తోనూ కొనమని ఎవరైనా చెబితే వినకండి. అవి వెయ్యికి పైగా ఉన్నాయి, ఎంత కొన్నా తరగవు. డాట్ కామ్, డాట్ ఆర్గ్, మీ దేశపు కోడ్, జనం ఎక్కువగా పొరబడే స్పెల్లింగ్ ఒకటో రెండో చాలు. కొన్నవాటిని అసలు సైటుకు మళ్లించండి, వాటి నుంచి మెయిల్ వెళ్లకుండా ఎస్‌పీఎఫ్, డీమార్క్ రికార్డులతో మూసేయండి. మిగతావి కొనే బదులు కనిపెట్టి ఉండండి. డీఎన్ఎస్‌ట్విస్ట్ అనే ఉచిత టూల్‌కు మీ డొమైన్ ఇస్తే, దానికి దగ్గరగా ఉన్నవాటిలో ఏవి రిజిస్టర్ అయ్యాయో చూపిస్తుంది. నెలకోసారి చాలు. ‘మీ పేరును వేరే కంపెనీ కొనబోతోంది, వెంటనే మా దగ్గర కొనండి’ అని రిజిస్ట్రార్ పేరుతో మెయిళ్లు వస్తుంటాయి. భయపెట్టి అమ్ముకునే పాత ఎత్తు అది, డిలీట్ చేయండి. ట్రేడ్‌మార్క్‌కు కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఈ కేసుకు అందకపోయినా తర్వాతిదానికి అక్కరకొస్తుంది.

యూడీఆర్‌పీ లాయర్‌ను కలిసే ముందు కాలక్రమం ఒక్క పేజీలో రాసి తీసుకెళ్లండి: సంస్థ పుట్టిన రోజు, మొదటి సైటు, మొదటి వార్త, వాళ్లు కొన్న రోజు, మెయిల్ వచ్చిన రోజు. వైపోలో ఫిర్యాదు వాదనకు 5,000 పదాల పరిమితి ఉంది, ఆ ఒక్క పేజీ సరిగ్గా ఉంటే అంతా అందులో ఇమిడిపోతుంది. గెలిచాక బదిలీ దానంతట అది జరగదు, మీకు ఆ రిజిస్ట్రార్ దగ్గర ఖాతా ఉండాలి, వాళ్లు అడిగినవి వెంటనే ఇవ్వాలి. డొమైన్ చేతికి రాగానే రెన్యువల్ తేదీ చూడండి. కేసు నడిచినన్నాళ్లూ గడువు కరిగిపోతూనే ఉంటుంది, కొన్ని రోజులే మిగిలి ఉండొచ్చు.

డాట్ కామ్ సృష్టించిన తేదీ, ఎమ్ఎక్స్ రికార్డు ఉందో లేదో ఇక్కడ రాయండి. మీ సంస్థ పేరు బయటపెట్టనక్కర్లేదు. అవి చూసి మిగతాది చెప్తాను.